సమస్య: పాట యాగినపుడె యాట సాగె

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఆటవెలది పద్యంలో నాలుగో పాదం; పై మూడు పాదాలూ మీరు రాసి పూరించాలి. యతి (పాదం మొదటి అక్షరానికి, మధ్యలో నిర్ణీత చోట అక్షరం కుదరడం) ఎక్కడుందని కంగారు పడకండి, పాట – యాట ప్రాసయతి, అంటే మొదటి అక్షరాలకి బదులు వాటి పక్కనున్న "ట" కలిసింది. పోయిన ఆదివారం పాలకొల్లులో మా మేనకోడలి రిసెప్షన్ ఫంక్షన్ హాల్లో కాకుండా మా పెరట్లోనే చేశాం. కొబ్బరిచెట్ల మధ్య పందిరి, రెండు స్పీకరు పెట్టెలు, నేల మీద ప్లైవుడ్డు పలకలు. డీజే కుర్రాడు ఆరు పెట్టెలు దింపబోతే నేనే అడ్డం పడ్డాను. ఆ రాత్రి జరిగిన ఒక సంగతిలోంచే ఈ పాదం పుట్టింది. అదేమిటో చివర్లో చెబుతాను.

ఒకటే షరతు. పద్యం పెళ్ళివారి పెరట్లోనే జరగాలి. నెమలి ఆడిందనీ, నటరాజు ఆడాడనీ దాటెయ్యొద్దు. పాట ఎందుకాగింది, ఆగాక ఆట ఎలా సాగింది – రెండింటికీ కారణం పై మూడు పాదాల్లో కనపడాలి.

కొబ్బరితోట:
వైరు కాలిపోయెఁ, బందిరి మసకాయె,
దరువు వేసె డోలుతాత లేచి;
చేతి చప్పుడులకె చిందేసి రందరు –
పాట యాగినపుడె యాట సాగె.

నిర్వాహకుడు:
బోణీ బాగుంది. వై – బ, ద – తా, చే – చిం, మూడు యతులూ కుదిరాయి. పొద్దున సన్నాయితోపాటు వాయించి, సాయంత్రం డీజే వచ్చాక మూల కూర్చున్న డోలు తాతని మళ్ళీ లేపావు చూడు, అదీ పూరణ అంటే.

బందరు బామ్మ:
"చిందేసిరి" వ్యావహారికం నాయనా. చిందు వేసిరి అనాలి. మేం ఆకాశవాణి సమస్యాపూరణానికి పోస్టుకార్డు మీద రాసి పంపే రోజుల్లో ఇలాంటి మాట పడితే కార్డు చింపి ఇంకోటి రాసేవాళ్ళం.

కొబ్బరితోట:
ఒప్పుకుంటాను బామ్మగారూ. కానీ "చిందు వేసిరి" అంటే గణం (గురులఘువుల కొలత) పోతోంది, పైగా కరెంటు పోయిన పెరట్లో గ్రాంథికం ఎవరు మాట్లాడతారు?

వైరుమనిషి:
పద్యం సంగతి మీరు చూసుకోండి. వైరు ఎందుకు కాలిందో నేను చెప్తా. పెళ్ళిళ్ళకి లైట్లు కట్టే పని నాది. నూటికి తొంభైసార్లు అది ఎక్స్‌టెన్షన్ చుట్ట తప్పే. పది గజాలు కావాలని పది గజాలే లాగి, మిగతా ముప్పై గజాలు చుట్టకే వదిలేస్తారు. లోడు పడగానే చుట్టలోని వైరు వేడి బయటికి పోదు, తొడుగు మెత్తబడుతుంది. చుట్ట మొత్తం విప్పి చెట్ల పక్కగా పరవాలి. రెండోది, 15 ఆంపియర్ల ప్లగ్గు 230 వోల్టుల మీద ఇచ్చేది దాదాపు 3,450 వాట్లు. దాన్నుంచే పాటల పెట్టెలు, దాన్నుంచే ఫోకస్ లైట్లు, దాన్నుంచే కాఫీ డ్రమ్ము. డ్రమ్ము ఆన్ చేశారంటే పాట ఫట్. పాటకి ఒక లైను, వంటకి వేరే లైను ఉండాలి. ఈ మాట మూడో పాదంలో పెట్టగలరేమో చూడండి.

కొబ్బరితోట:
అన్నయ్యా, అది సీసపద్యం సరుకు, ఇంత చిన్న ఆటవెలదిలో పట్టదు!

బందరు బామ్మ:
కుర్చి చుట్టుఁ దిరిగెఁ గుర్రకా రంతయు,
పెండ్లికొడుకు మిగిలెఁ బీట లేక;
పట్టి లాగుకొనిరి వదినలు, మరదళ్ళు –
పాట యాగినపుడె యాట సాగె.

నిర్వాహకుడు:
బామ్మగారూ, దండం! నేను ఆటంటే నాట్యమే అనుకుని పాదం ఇచ్చాను, మీరు కుర్చీలాట ఆడించారు. పాట ఆగినప్పుడే కదా ఆ ఆటలో అసలు గొడవ. సమస్యలో విరోధమే లేకుండా పోయింది.

కొబ్బరితోట:
కుర్చీలాటలో పీట ఎక్కడిది బామ్మగారూ?

బందరు బామ్మ:
పొద్దున పీట మీద కూర్చున్నవాడికి సాయంత్రానికి ఆ పీట కూడా మిగల్లేదనే కదా నా చమత్కారం. విప్పి చెప్పించావు, దాని రుచి పోయింది.

డాలస్ మరిది:
మా చెల్లెలి రిసెప్షన్ మా ఇంటి వెనకాల గడ్డిలో చేశాం. చుట్టూ చెక్క కంచె, అవతల పడుకునే పెద్దాయన.

గంట పదియుఁ గొట్టెఁ, గట్టిరి బాక్సులు,
చెవుల డిప్ప లెట్టి చిందు లేసె;
పక్కవాని చెవికి బయట పాటే లేదు –
పాట యాగినపుడె యాట సాగె.

హెడ్‌ఫోన్లు అద్దెకి తెచ్చాం. ఒక్కోటికి మూడు ఛానళ్ళు, ఏది వింటుంటే ఆ రంగు లైటు వెలుగుతుంది. ఎర్రలైటు వాళ్ళు తీన్మార్, నీలంలైటు వాళ్ళు మెలొడీ. ఒకే గడ్డిలో రెండు ఆటలు!

నిర్వాహకుడు:
ఊహ కొత్తది. రెండో పాదంలో రెండు చిక్కులున్నాయి మరిదీ. "లెట్టి" ఏమిటి, పెట్టిలో ప ఏమైంది? "లుంచి" అను, గణం అదే. ఇక "చిందు లేసె" అన్నావు, ఎవరు? కర్త లేదు. "చెవుల డిప్ప లుంచి చెల్లె లాడె" అంటే చె – చె యతి కుదురుతుంది, కర్తా దొరుకుతుంది.

డాలస్ మరిది:
చెల్లెలే సరి. పాట ఆపినా ఆగని మనిషి తనే.

కొబ్బరితోట:
నాకో సందేహం. పాట ఆగలేదుగా, చెవుల్లో దాక్కుందంతే.

నిర్వాహకుడు:
అందుకే మూడో పాదంలో "పక్కవాని చెవికి" అన్నాడు. ఆగింది పక్కవాడికి. నేనైతే ఒప్పుకుంటాను. పది గంటల మాట ఇక్కడా నిజమే. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట మైకులు మోగకూడదు. ఇళ్ళుండే చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. మేం ఎనిమిదింటికల్లా భోజనాలు మొదలుపెట్టేసి, తొమ్మిదిన్నరకి ఆఖరి పాట అనుకున్నాం. పెట్టెల మొహం మా ఇంటి గోడవైపు తిప్పాం, వీపు పక్కింటికి. ఆరుబయట దూరం రెట్టింపయితే మోత సుమారు ఆరు డెసిబెల్స్ తగ్గుతుంది కాబట్టి, ఆడేవాళ్ళకి దగ్గరగా రెండు పెట్టెలు పెట్టుకుంటే చాలు. దూరంగా ఆరు పెట్టి అరిపిస్తే ఊరికి వినపడుతుంది, ఆడేవాడికి కాదు.

కొత్త పద్యం:
మొదటిసారి రాస్తున్నాను, తప్పులుంటే చెప్పండి.

మైకు పట్టుకొనెను పెళ్ళికొడుకు నాన్న,
కూత పెట్టెఁ బెట్టె కోడివలెను;
చెవులు మూసికొనుచుఁ జిన్నారు లెగిరిరి –
పాట యాగినపుడె యాట సాగె.

నిర్వాహకుడు:
మొదటిసారా? రెండో పాదం చూసి నేను నమ్మను తమ్ముడూ. కూత పెట్టిన పెట్టె! గణాలన్నీ సరిపోయాయి. మొదటి పాదంలో మాత్రం యతి తప్పింది. మై కి పె కుదరదు. "మైకు పట్టుకొనెను మామగా రాపైన" అను.

కొత్త పద్యం:
అంటే నాన్నగారు పోయి మామగారు వచ్చారా?

నిర్వాహకుడు:
యతి కోసం వియ్యంకులు మైకు మార్చుకున్నారనుకో.

వైరుమనిషి:
ఆ కూత కూడా చెప్తా. మైకు పట్టుకుని స్పీకరు ముందుకొస్తారు. పెట్టెలోంచి వచ్చిన గొంతు మళ్ళీ మైకులోకి, మైకులోంచి మళ్ళీ పెట్టెలోకి. గిరగిరా తిరిగి కుయ్‌మంటుంది. మాట్లాడేవాళ్ళు పెట్టెలకి వెనకాల నిలబడాలి. నేల మీద సున్నంతో గీత గీసి "ఇది దాటొద్దు" అని చెప్పినా మామగార్లు దాటతారు. సరే, నాదీ ఒకటి:

డీజె మూటఁ గట్టె, డేరాన దుప్పటి
పరచినారు మామ, బావ, మరిది;
చేతి కందె ముక్క, జేబులోఁ జిల్లర –
పాట యాగినపుడె యాట సాగె.

నిర్వాహకుడు:
పేకాట! ఒక్క తప్పు లేదు. ఇంతసేపూ వైర్ల గురించి చెప్తుంటే పద్యం రాదేమో అనుకున్నాను, క్షమించండి.

బందరు బామ్మ:
పద్యం బాగుంది. దుప్పటి ఎవరిది? మొన్న మా ఇంట్లో పెళ్ళికి అలాగే పరిచి, కిళ్ళీ మరకలతో తిరిగిచ్చారు.

కొబ్బరితోట:
ప్లైవుడ్డు పలకల సంగతి ఎవరూ పద్యంలో పెట్టలేదే. మీరెలా వేశారు?

నిర్వాహకుడు:
ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు పలకలు పన్నెండు. కలిపితే పదహారడుగులు ఇరవై నాలుగడుగులు. మొదట నేల చదును చేయించి, తడి ఆరాక పరిచాం. అతుకుల దగ్గర కింద చెక్క పెట్టి మేకులు కొట్టించాం, లేకపోతే ఒక కొన మీద కాలేస్తే రెండో కొన లేస్తుంది. అతుకుల మీద తివాచీ టేపు. పట్టుచీర మడమకి చుట్టుకుని పడేది అక్కడే.

ఇక నా పూరణ. ఇది జరిగింది జరిగినట్టే. పాటలు మా బావ ఫోన్లోంచి బ్లూటూత్ మీద వస్తున్నాయి, డీజే కుర్రాడు అన్నానికి వెళ్ళాడు. ఆ ఫోన్‌ని కాల్స్, మెసేజీలు రాకుండా ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి బ్లూటూత్ మళ్ళీ ఆన్ చేసుకోవాలని ఎవరికీ తట్టలేదు. వంటల దగ్గర్నుంచి మా అమ్మ ఫోన్ చేసింది. ఏ పిల్లాడో నొక్కేశాడు.

అమ్మ ఫోను వచ్చె నందరకు వినంగ,
గరిటె యెక్కడంచుఁ గసరుకొనియె;
పల్లవిగనుఁ బట్టి పాపలు గెంతిరి –
పాట యాగినపుడె యాట సాగె.

"గరిటె యెక్కడ, గరిటె యెక్కడ" అంటూ పావుగంట ఆడారు. పెళ్ళికూతురు కూడా.

డాలస్ మరిది:
పైన చెప్పిన షరతు ఇప్పుడర్థమయింది. మా పూరణల్లో కల్పన కలిసింది, మీది అచ్చంగా సాక్ష్యం.

బందరు బామ్మ:
అదంతా సరే, ఇంతకీ గరిటె దొరికిందా?

నిర్వాహకుడు:
దొరికింది బామ్మగారూ. పలకల మధ్యలో మా చిన్నోడి చేతిలో. వాడి మైకు అదే.