యెషయాలో 66 అధ్యాయాలు, బైబిల్లో 66 పుస్తకాలు: కాకతాళీయమేనా?

నిర్మల:
యెషయా గ్రంథంలో 39వ అధ్యాయం దాకా ప్రధానంగా తీర్పు హెచ్చరికలు, 40 నుంచి 66 దాకా, అంటే 27 అధ్యాయాల్లో, ఓదార్పు. పాత నిబంధన పుస్తకాలు 39, కొత్త నిబంధనవి 27. పైగా 40వ అధ్యాయంలో అరణ్యంలో కేకవేసే స్వరం వినిపిస్తుంది. సువార్తలు బాప్తిస్మమిచ్చే యోహానును పరిచయం చేసేది ఆ మాటతోనే. ఇన్ని కలిసివచ్చాక ఊరికే జరిగిందనడానికి నాకు మనసొప్పడం లేదు.

సుధాకర్:
నిర్మల గారూ, 66 అన్నది ప్రొటెస్టంట్ల లెక్క. కాథలిక్కులకు 73. మీ 39 పుస్తకాలనే యూదులు 24గా లెక్కిస్తారు. చిన్న ప్రవక్తలు పన్నెండుమందీ వారికి ఒకే పుస్తకం. ఇక అధ్యాయాలంటారా, అవి 13వ శతాబ్దంలో స్టీఫెన్ లాంగ్టన్ అనే ఇంగ్లండు మతాచార్యుడు చేసిన విభజన. మృతసముద్రం దగ్గర కుమ్రాన్ గుహలో దొరికిన ప్రాచీన యెషయా చుట్టలో అధ్యాయాల అంకెలు లేవు. మీరు పెద్ద మలుపంటున్న 40వ అధ్యాయం అందులో ఒక నిలువు పట్టీ అట్టడుగు వరుసలో మొదలవుతుంది!

జోసెఫ్:
అంకెల విషయంలో సుధాకర్ గారిదే సబబు. అలాగని అమరికలన్నీ తర్వాతివాళ్ల పనే అనుకోకండి. 119వ కీర్తన చూడండి: 22 హెబ్రీ అక్షరాలు, ఒక్కోదానితో మొదలయ్యే 8 వచనాలు, మొత్తం 176. తెలుగులో చదివితే ఆ అల్లిక కనిపించదు, అది మన దురదృష్టం. యిర్మీయా 25లో వచ్చే 'షేషకు' ఇంకా తమాషా. హెబ్రీ అక్షరమాలలో మొదటి అక్షరానికి చివరిది, రెండోదానికి చివరినుంచి రెండోది, ఇలా వేస్తూ పోతే 'బాబెలు' (బబులోనుకు హెబ్రీ పేరు) షేషకవుతుంది. 51:41లో రెండు పేర్లూ పక్కపక్కనే ఉన్నాయి. తాళంతోపాటు తాళంచెవి కూడా అక్కడే పెట్టాడన్నమాట.

నిర్మల:
మరి మత్తయి? యేసు వంశావళిని మూడు పద్నాలుగు తరాలుగా పేర్చడానికి యోరాముకూ ఉజ్జియాకూ మధ్య ముగ్గురు రాజులను వదిలేశాడు. హెబ్రీలో ప్రతి అక్షరానికీ ఒక అంకె విలువ ఉంటుంది కదా, దావీదు పేరులోని అక్షరాల విలువ 4+6+4. అది కూడా పద్నాలుగే.

సుధాకర్:
పద్నాలుగు లెక్క మత్తయి స్వయంగా 1:17లో చెప్పాడు, ఒప్పుకుంటాను. దావీదు పేరు సంగతి మాత్రం ఆయన ఎక్కడా అనలేదు. మంచి ఊహ, అంతే. ఊహకు కళ్లెం లేకపోతే ఎక్కడికి పోతామో 1994లో చూశాం. ఆదికాండంలో సమదూరపు అక్షరాలు ఏరి రబ్బీల పేర్లు, తేదీలు దొరికాయని ఒక గణాంక పత్రికలో వ్యాసం వచ్చింది. 1999లో అదే పత్రికలో జవాబూ వచ్చింది: పేర్ల ఎంపికలో అంత వెసులుబాటు తీసుకుంటే టాల్‌స్టాయ్ నవల 'యుద్ధం-శాంతి' హెబ్రీ అనువాదంలోనూ అలాంటి ఫలితమే వస్తుందని.

జోసెఫ్:
ఆ అక్షరాల వేటను నేనూ సమర్థించను. కానీ విలాపవాక్యాలు 5 గురించి ఏమంటారు? ముందు నాలుగు అధ్యాయాలూ అక్షరక్రమంలో సాగాయి. అయిదోదానిలో వచనాలు సరిగ్గా 22, అక్షరక్రమం మాత్రం లేదు. కూలిన నగరంలో వరుస కూడా చెదిరిందని కవి చెబుతున్నాడని నా నమ్మకం.

సుధాకర్:
లేదా అది వేరే సందర్భంలో రాసిన పాట కావచ్చు.

నిర్మల:
వేరే పాటైతే సరిగ్గా 22 ఎందుకండీ?