తాతయ్య పాస్‌పోర్టులో దక్షిణాఫ్రికాకి మాత్రం ఎందుకు వీల్లేదు?

అందరికీ నమస్కారం. అటక సర్దుతుంటే తాతయ్య పాత పాస్‌పోర్టు దొరికింది. ‘దక్షిణాఫ్రికా తప్ప’ మిగతా దేశాలకు చెల్లుతుందని లోపల ముద్ర! వర్ణవివక్ష ప్రభుత్వాన్ని మనం వెలివేసిన గుర్తట అది. తీరా చదివితే, మనకి స్వాతంత్య్రం రాకముందే, 1946లోనే, ఆ దేశంతో వ్యాపారం ఆపేశారు. 1974లో ఆ దేశంతో డేవిస్ కప్ టెన్నిస్ ఫైనల్ కూడా ఆడకుండా వదిలేశాం. కప్పు మనకే వచ్చేదేమో, పాపం.

ఇక్కడే నా సందేహం. రాయబార సంబంధాలు తెంచుకోమని 1962లో ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీ సభ్యదేశాలను అడిగింది. అడగడమే, తప్పనిసరేం కాదు. ఆయుధాల నిషేధం 1977లో తప్పనిసరి అయింది. అయినా మండేలా బయటికొచ్చింది 1990లో! 1985లో విదేశీ బ్యాంకులు అప్పులు పొడిగించం అన్నాకే ఆ ప్రభుత్వానికి చెమటలు పట్టాయని కొందరంటారు.

మరి రాయబారుల్ని వెనక్కి పిలిస్తే నిజంగా ఒత్తిడి పడిందా, లేక పనిచేసింది డబ్బు దెబ్బేనా? సోమవారం కాలేజీలో సెమినార్, టెన్షన్‌గా ఉంది. చరిత్ర చదివినవాళ్లు, డర్బన్ వైపు తెలుగు కుటుంబాలవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. ఆ వెలి మీ పెద్దవాళ్లకి ఇంట్లో ఎలా తెలిసేది?