న్గోమా అంటే డోలు ఒక్కటేనా?

నిన్న ఒక అనువాద కథలో "ఊరంతా డోలుకు వెళ్లారు" అని చదివి ఆగిపోయాను. డోలుకు వెళ్లడమేమిటి? మూలం తూర్పు ఆఫ్రికా భాష స్వాహిలి, కాబట్టి అక్కడి మాట న్గోమా అయి ఉండాలి. నిఘంటువులో దానికి మొదటి అర్థం డోలే. కానీ కెన్యా, టాంజానియాల్లో ఆ డోలు చుట్టూ సాగే ఆట, పాట, చేరిన జనం, ఆ వేడుక మొత్తం న్గోమాయే. పెళ్లికి న్గోమా ఉంటుంది, ఆడపిల్ల ఈడేరినా ఉంటుంది. ఇప్పటి కుర్రకారు కొత్తగా వచ్చిన పాటనూ న్గోమా అనే అంటున్నారు. పాటకు వింబో అని వేరే మాట ఉన్నా సరే!

ఇది మనకు కొత్తేం కాదు. బతుకమ్మను పేరుస్తాం, బతుకమ్మ ఆడతాం, బతుకమ్మకు పోదామంటాం. పూల పేర్పుకీ, దేవతకీ, పాటతో తిరిగే ఆటకీ ఒకటే పేరు. క్రియ కూడా చూడండి. స్వాహిలిలో "కుచేజా న్గోమా" అంటారు. పిల్లలు ఆడుకున్నా, పెద్దలు నాట్యం చేసినా కుచేజాయే, అచ్చం మన "ఆడు" లాగా. ఇంగ్లీషులోకి వెళ్తే ఇది రెండు మాటలుగా చీలిపోతుంది. నాకైతే ఈ పోలిక చూసి ఎంత సంతోషం వేసిందో!

వ్యాఖ్య: "న్గోమా ఇకిలియా సానా హుపాసుకా" అని సామెత ఉందండీ. మరీ గట్టిగా మోగిన డోలు పగులుతుందని. ఇక్కడ డోలేగా?

జవాబు: అవునండీ, అక్కడ డోలే. పగిలేది అదే కదా. ర్వాండా, బురుండీల్లో అయితే ఇంగోమా అంటే డోలు, రాజ్యం కూడా. రాజులున్న కాలంలో వాళ్ల అధికారానికి గుర్తు డోలే. బురుండీ రాజడోళ్ల నాట్యాన్ని 2014లో యునెస్కో తన జాబితాలో చేర్చింది.

వ్యాఖ్య: ఆఫ్రికా మూలాలున్న గుజరాత్ సిద్దీలు తమ ఆటపాటల్ని గోమా అంటారు. రతన్‌పూర్ బావా గోర్ దర్గా దగ్గర ఆడతారు. ఇదే మాటా అన్నా?

జవాబు: ఇదే తమ్ముడూ. సముద్రం దాటి వచ్చినా ఆ మాట ఆటనీ పాటనీ కలిపే ఉంచింది. అందుకే ఆ కథలోని న్గోమాను "ఆట" అని కూడా మార్చను, సినిమా ఆట అనుకుంటారు. ఆ వాక్యం నేనైతే ఇలా రాస్తాను: "ఊరంతా న్గోమాకు వెళ్లి తెల్లవార్లూ ఆడారు."