పట్టాభి గారు బందరుకు మిగిల్చినది ఏమిటి?

రేవుగట్టు:
2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో విలీనమైన నాటి నుంచి ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు వైద్యునిగా స్థిరపడి, ఆ వృత్తిని పక్కనపెట్టి, ముట్నూరి కృష్ణారావు, కోపల్లె హనుమంతరావు గార్లతో కలిసి జాతీయ కళాశాలను నిలబెట్టిన ఊరు బందరు, అంటే మచిలీపట్నం. 1952 నుంచి 1957 వరకు మధ్యప్రదేశ్ గవర్నరుగా ఉన్న ఆ సంస్కర్తకు సొంత ఊరిలో మిగిలిన గుర్తు ఏది? లక్ష రూపాయల చెల్లింపు మూలధనంతో 1923 నవంబరు 28న ఇక్కడ తలుపులు తెరిచిన, ఆయన స్థాపించిన ఆంధ్రా బ్యాంకుకు ఆ పేరే లేకుండా చేయడం ఊరికి జరిగిన అవమానం. ఆ పేరు తిరిగి రావాలని మనమందరం అడగాలి.

గుండుగొలను:
"సొంత ఊరు" అన్న మాటను సవరించవలసి ఉంది. ఆయన 1880 నవంబరు 24న జన్మించినది గుండుగొలనులో.

చిలకలపూడి వాసి:
రేవుగట్టు గారూ, మీ బాధను నేను కాదనను. అయితే పేరు 2020లో పోయింది గాని, బ్యాంకు ప్రధాన కార్యాలయం మన ఊరు విడిచి హైదరాబాదు చేరి ఎన్నో ఏళ్లయింది. 1925లో ఆయనే పెట్టిన ఆంధ్రా ఇన్సూరెన్సు జీవిత బీమా వ్యాపారం 1956లో జాతీయీకరణతో ఎల్‌ఐసీలో కలిసింది. అప్పటికి ఆయన గవర్నరు పదవిలోనే ఉన్నారు. మా నాన్నగారు రోల్డుగోల్డు పనివారు. కార్ఖానాకు మిషను కొనడానికి అప్పు కావాలని ఒక బ్యాంకు చుట్టూ ఏడాది తిరిగారు. హామీగా పొలం లేదని వారు కాగితాలు వెనక్కి ఇచ్చారు. చివరకు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి, పదేళ్లు ఆ వడ్డీయే కట్టారు. సంస్థలు మన ఊళ్లో పుట్టాయని గర్వించడం వేరు, అవి మన ఊరివారికి అక్కరకు రావడం వేరు.

పరిశీలకురాలు:
ఆయన వారసత్వం అంటే బ్యాంకు ఒక్కటే కాదు. నెహ్రూ, పటేల్ గార్లతో కలిసి ఆయన సంతకం చేసిన 1949 నాటి జేవీపీ (జవహర్‌లాల్, వల్లభ్‌భాయ్, పట్టాభి) సంఘం నివేదిక, మద్రాసు నగరంపై హక్కు వదులుకుంటేనే ఆంధ్ర రాష్ట్రం సాధ్యమని చెప్పింది. భాషా రాష్ట్రాల కోసం జీవితమంతా వాదించిన మనిషి ఆ సంతకం ఎలా చేశారన్న దానికి ముందుగా సమాధానం కావాలి.

రేవుగట్టు:
ముగ్గురి సంఘంలో ఒకరు చేసిన సంతకాన్ని పట్టుకుని ఒక జీవితాన్ని తూచకూడదు. చిలకలపూడి వారికి కూడా ఒక మాట చెప్పాలి. ఎక్కడో ఒక అధికారి మీ నాన్నగారికి అప్పు ఇవ్వకపోతే, 1959లోనే కన్నుమూసిన పట్టాభి గారు దానికి ఎలా బాధ్యులవుతారు? నేను ఆంధ్రా బ్యాంకులో ముప్పై రెండేళ్లు పనిచేశాను. ఆ పేరున్న బోర్డు కింద నిలబడి జీతం తీసుకున్నవాడికి అది దించిన రోజు ఎలా ఉంటుందో మీకు తెలియదు.

గుండుగొలను:
పుట్టిన ఊరి ఊసు లేకుండా సొంత ఊరిపై చర్చ సాగడం న్యాయం కాదు.

చిలకలపూడి వాసి:
నాకు తెలియదన్నారు కాబట్టి నేనూ దాచుకోను. మీరు హైదరాబాదులో స్థిరపడ్డారని ఇదే వేదికపై మీరే రాశారు. మీకు బందరు అంటే ఒక బోర్డు, దానిమీద ఒక పేరు. ఇక్కడే ఉండిపోయిన మాకు బందరు అంటే రేపటి సరుకుకు పెట్టుబడి ఎవరిస్తారన్న దిగులు. మీరు పేరు తెమ్మంటారు, మేము అప్పు పుట్టే దారి అడుగుతాము. మనం మొదటి నుంచీ పోట్లాడుతున్నది పట్టాభి గారి గురించి కాదు, ఊరి గురించి మాట్లాడే హక్కు ఎవరిదన్న దాని గురించి.

రేవుగట్టు:
ఈ మాట నన్ను నొప్పించింది. ఊరు విడిచినవారికి ఊరిపై మమకారం ఉండకూడదా? బదిలీల మీద పదకొండు ఊళ్లు తిరిగాను. ఏ ఊళ్లోనైనా మాది బందరు అంటే "మీ బ్యాంకు పుట్టిన ఊరేనా" అనేవారు. ఇప్పుడు ఆ మాట అనేవారు లేరు. నేను పోగొట్టుకున్నది అది.

పరిశీలకురాలు:
మీరిద్దరూ ఒక సంస్థను మరచిపోయారు. ఆంధ్రా బ్యాంకుకు ఎనిమిదేళ్ల ముందే, 1915లో, పట్టాభి గారు కృష్ణా సహకార కేంద్ర బ్యాంకు స్థాపనకు పూనుకున్నారు. రైతులు వడ్డీ వ్యాపారి గుమ్మం తొక్కనక్కరలేకుండా చేయడం దాని ఉద్దేశం. జిల్లా సహకార కేంద్ర బ్యాంకు నేటికీ మచిలీపట్నం కేంద్రంగానే ఉంది. ఆయన గుర్తు ఊళ్లో లేదనుకుని ఇంతసేపూ వాదించారు.

చిలకలపూడి వాసి:
అది రైతుల కోసం పుట్టింది. మా నాన్నగారికి పొలం లేదు. నూరేళ్లు దాటినా నగల పనివారిని, కలంకారీ అద్దకంవారిని ఆ చట్రంలోకి పూర్తిగా తేలేకపోయామన్నదే నా ఫిర్యాదు. అయినా మీరు చెప్పినది సబబే. అడగవలసిన గుమ్మం అదే. మా వీధిలోని కార్ఖానాలవారం ఒక సంఘంగా వెళ్లి అడుగుతాము.

రేవుగట్టు:
అర్జీ రాయడంలో నేను సాయపడగలను. ఆ కాగితాలు నాకు బాగా తెలుసు. పేరు విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు.

గుండుగొలను:
నాదీ మారలేదు.