మన రేసు మూడు వారాల్లో పెట్టుకుని ఇంకొకరికి పేసర్‌గా వెళ్ళొచ్చా?

ఐదున్నర_అలారం (మారతహళ్ళి)

అందరికీ నమస్కారం. తిట్టకుండా సలహా చెప్పండి.

ఏప్రిల్ ఆఖర్లో మన బెంగళూరులో టీసీఎస్ వరల్డ్ 10కె, అంటే పది కిలోమీటర్ల రేసు, ఉంది. నా బెస్టు 50:40. ఈసారి 48 నిమిషాల లోపు కొట్టాలని డిసెంబరు నుంచి తిప్పలు పడుతున్నా. హాఫ్ మారథాన్‌లో (21.1 కిలోమీటర్లు) నా బెస్టు 1:52. ఇంతలో ఆ 10కెకి సరిగ్గా మూడు వారాల ముందు ఊళ్ళోనే జరిగే ఒక చిన్న హాఫ్‌కి 2:15 పేసర్ (టైము రాసిన జెండాతో ఒకే వేగంలో పరిగెత్తి, వెనకాలవాళ్ళని ఆ టైముకి చేర్చేవాడు) దొరకలేదట. నన్ను జెండా పట్టుకోమంటున్నారు. మా గ్రూపులో పెద్దాయన "మొదట్లో నిన్నూ ఎవరో ఒకరు లాక్కొచ్చారు కదరా, ఇప్పుడు నీ వంతు" అన్నారు. కోచ్ మాత్రం "నీ రేసా, జనం రేసా, తేల్చుకో" అని మెసేజ్ పెట్టి ఊరుకున్నాడు. మా ఆవిడైతే "టీషర్టు కోసమేగా" అనేసింది. అందులో కొంత నిజం లేకపోలేదు.

పదిమందిని పరిగెత్తించడం, మన టైమింగ్ తగ్గించుకోవడం ఒకే దారిలో కుదిరే పనులేనా? లేక ఒకటి కావాలంటే రెండోది వదులుకోవాల్సిందేనా? పేసర్లుగా వెళ్ళినవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి.

ఓరుగల్లు_ఉరుకుడు

పోకు తమ్మీ. మూడు వారాల ముందంటే గదే అసలు టైం. ఆ ఆదివారం నువ్వు చెయ్యాల్సింది 4:48ల ఒక్కో కిలోమీటరు, ఐదారు సార్లు. దాని బదులు రెండుంబావు గంటలు రోడ్డు మీద, చెయ్యిల జెండా. తెల్లారి మెట్లు దిగుతుంటే తెలుస్తది సంగతి.

ఇగ ఇన్‌స్పిరేషన్ ముచ్చట. మా గ్రూపుల ఒకాయన ఉన్నడు. ప్రతి పరుగుకు ఒక ఫోటో, ఫోటో కింద ఒక సూక్తి. ఆయన్ని చూసి బూట్లు కొన్నోడు ఒక్కడు లేడు. నువ్వు మంచిగ ఉరుకు, 47:59 కొట్టు. చూసేటోళ్ళు అదే చూస్తరు.

స్ప్లిట్ల_పిచ్చి

ఓరుగల్లు అన్నా, అడ్డొస్తున్నందుకు ఏమనుకోకండి. 1954 మే 6న ఆక్స్‌ఫర్డ్‌లో రోజర్ బానిస్టర్ మైలుని 3:59.4లో పరిగెత్తాడు కదా. ముందు క్రిస్ బ్రాషర్, ఆ తర్వాత క్రిస్ చాటవే ముందుండి లాగితేనే అది అయింది. మరి ఆ లాగినవాళ్ళిద్దరూ పాడైపోయారా? చాటవే అదే ఏడాది అక్టోబరులో 5000 మీటర్ల ప్రపంచ రికార్డు కొట్టాడు. బ్రాషర్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో స్టీపుల్‌ఛేజ్ (అడ్డంకులు దూకుతూ పరిగెత్తే రేసు) బంగారు పతకం తెచ్చుకున్నాడు.

ఇంకా కావాలా? 1994 లాస్ ఏంజిలిస్ మారథాన్‌లో పాల్ పిల్కింగ్టన్ పేసర్‌గా బయల్దేరాడు. వెనకాలవాళ్ళు అందుకోలేదు, ఈయన ఆగలేదు, గెలిచేశాడు. 2003 బెర్లిన్‌లో పాల్ టెర్గాట్ 2:04:55తో ప్రపంచ రికార్డు పెడితే, అతనికి పేసర్‌గా దిగిన సామీ కోరిర్ 2:04:56. ఒక్క సెకను!

ఓరుగల్లు_ఉరుకుడు

బాగనే చెప్పినవ్. కానీ బ్రాషర్ లాగింది మైలుల సగం, ఇంకొంచెం. కోరిర్, పిల్కింగ్టన్ ఉరికింది వాళ్ళ స్పీడుల వాళ్ళు. మన తమ్ముడు ఉరకాల్సింది తన హాఫ్ స్పీడు కన్న కిలోమీటరుకు నిమిషం పైన నెమ్మదిగ, అదీ 21 కిలోమీటర్లు. రెండూ ఒకటెట్లయితయ్? ఏనుగును చూపెట్టి ఎద్దు బండికి రేటు కడుతున్నవ్.

మడమ_మంట

ఇద్దరూ అడగాల్సింది అడగట్లేదు. బాబూ, వారానికి ఎన్ని కిలోమీటర్లు? వారానికి 40 దాటి, ఆదివారం 18 అలవాటు ఉంటే, కిలోమీటరుకి 6:24 చొప్పున 21 అంటే నీకు ఒక పొడుగు పరుగు, అంతే. మాట్లాడుతూ పరిగెత్తగలిగే వేగంలో ఎక్కువసేపు ఉంటేనే కండరాల్లో సన్నటి రక్తనాళాలు పెరిగేది, గుండె గట్టిపడేది. 10కె వాళ్ళకీ అది కావాలి. మూడు వారాల్లో ఆ అలుపూ తీరుతుంది. వారానికి 25 కూడా లేకపోతే మాత్రం జెండా కాదు, గొడుగు కూడా పట్టుకోకు.

చెరువుగట్టు (కైకొండ్రహళ్ళి)

పొద్దుట్నుంచి చదువుతున్నా. అందరూ పేసర్ గారి కాళ్ళ గురించే బెంగ పెట్టుకున్నారు. వెనకాల వచ్చేవాళ్ళ సంగతి ఎవరికీ పట్టలేదు.

రెండేళ్ళ కిందట నా మొదటి సబ్-2 (రెండు గంటల లోపు హాఫ్) ప్రయత్నం. 2:00 బస్సు ఎక్కాను. కొత్తవాళ్ళకి: పేసర్, అతని వెనకాల గుంపు కలిపి బస్సు అంటాం. కావాల్సిన వేగం కిలోమీటరుకి 5:41. మా పేసర్ మొదటి ఐదు కిలోమీటర్లూ 5:20లో లాగాడు. అడిగితే "కొంచెం బఫర్ పెట్టుకుందామండీ, చివర్లో పనికొస్తుంది" అన్నాడు. ఐదు కిలోమీటర్లకి వచ్చిన బఫర్ నిమిషం నలభై ఐదు సెకన్లు. దానికి నేను కట్టింది ఎంతో తెలుసా? పద్నాలుగో కిలోమీటరు దగ్గర ఫ్లైఓవర్ ఎక్కేసరికి తొడలు రోకళ్ళయిపోయాయి. 2:09కి చేరాను. మాతో బయల్దేరిన పన్నెండు మందిలో చివరిదాకా బస్సులో ఒక్కరూ లేరు. ఆయన మాత్రం 1:59:50కి, జెండా ఎగరేసుకుంటూ, నవ్వుతూ ఫోటో. ఖాళీ బస్సు డిపోకి టైముకి చేరింది!

అలారం గారూ, వెళ్తే మీ టైమింగ్ ఏమవుతుంది అన్నది మీ ఇష్టం. కానీ "నాకు ట్రెయినింగ్ రన్ అవుతుంది" అనుకుని మాత్రం రాకండి. అవతల మనిషికి అది ఆరు నెలల కష్టం.

జెండా_మోసినోడు (అనంతపురం నుంచి, ఇప్పుడు బీటీఎం)

అక్కా, ఆ ఖాళీ బస్సు తోలింది నేను కాదు గానీ, అట్లాంటిది నేనూ ఒకసారి తోలినా. అందుకే రాస్తా ఉండా. పొడుగైతాది, ఓపిక పట్టండి.

మొదటిసారి నాకు ఇచ్చింది 2:00. అప్పటికి నా బెస్టు 1:47. తొలిసారి పోయేవానికి అది మరీ దగ్గర. తేలిగ్గా నవ్వుతా మాట్లాడుతా పోగలిగిన టైం తీసుకోవాల గానీ, మన ఊపిరి మనమే పట్టుకునే టైం తీసుకోకూడదు. ఆ రోజు నాకు భయం. లేటయితే పరువు పోతాది అని ముందే ఉరికినా. బఫర్ అనేది పేసర్ భయానికి పెట్టిన పేరు, అంతే.

రెండో తప్పు వాచీ. అలారం అన్నా, ఇది రాసుకో. 2:15కి లెక్క ప్రకారం 6:24. కానీ మనం మలుపుల్లో సన్నగా కోసుకుని పోలేం, జనాన్ని తప్పించుకుంటా బయటి నుంచి తిరుగుతాం. కబ్బన్ పార్కు చెట్ల కింద, ఎంజీ రోడ్డు బిల్డింగుల పక్కన జీపీఎస్ దాని ఇష్టం వచ్చినట్టు గీస్తాది. ఫినిష్ దగ్గర వాచీ 21.1 చూపియ్యదు, 21.3, 21.4 చూపిస్తాది. 21.4 అయితే వాచీలో నువ్వు పోవాల్సింది 6:19. ఆ ఐదు సెకన్లు తెలీక 6:24 చూసుకుంటా పోతే, చివరికి దాదాపు రెండు నిమిషాలు లేటు. అందుకే వాచీ స్పీడు నమ్మద్దు. ప్రతి కిలోమీటరు బోర్డు దగ్గరా ఎంత టైం ఉండాలో చిన్న చీటీ రాసి మణికట్టుకి అంటించుకో. చెమటకి తడవకుండా పైన సెల్లో టేపు. నీళ్ళ దగ్గర పది సెకన్లు పోతాయి, పోనీ. తర్వాత రెండు కిలోమీటర్లలో మెల్లగా కలుపుకో, ఒక్కసారిగా లాగద్దు. ఎత్తు వస్తే వేగం వదిలేయ్, ఊపిరి అదే ఉంచు.

మూడో సంగతి, చెవులు. ఒకసారి 2:15 బస్సులో ఒక పెద్దాయన, అరవై దగ్గర ఉంటాడు. ప్రతి కిలోమీటరుకీ కన్నడలో "ఇన్నెష్టు?" అని అడుగుతా ఉండె. ఇంకా ఎంత అని. మొదట్లో పదకొండు, పది అని నిజం చెప్పినా. చెప్పిన ప్రతిసారీ ఆయన భుజాలు ఇంత కిందికి జారుతా ఉండె. పదమూడు దాటినాక మార్చినా: "ముందర నీళ్ళు." "ఆ గుడి." "ఆ పోలీసాయన దాకా." పదిహేడు దగ్గర ఆయన అడిగేది మానేసినాడు. అప్పుడు భయమేసింది నాకు. అడిగేంతవరకు మనిషి బాగున్నట్టు. రెండు కిలోమీటర్లు పక్కనే ఉండి, ఆయన ఊపిరి తిరిగి మాటలోకి వచ్చేదాకా నేనే సొల్లు చెప్పినా, మా ఊళ్ళో శెనక్కాయ పంట గురించి. 2:14:38కి గీత దాటినాం. ఆయన థాంక్స్ చెప్పలే. కూలబడి బూట్లు విప్పినాడు, రెండు మడమల దగ్గరా సాక్సుకి రక్తం. మూడు నెలల తర్వాత కబ్బన్ పార్కులో ఎదురొస్తే నన్ను గుర్తుపట్టలే. చేతిలో జెండా లేదు కదా!

ఇంక నా టైమింగ్. నా జబ్బు ఎప్పుడూ ఒకటే, మొదటి మూడు కిలోమీటర్లు పిచ్చిగా ఉరికేది. కోచ్ చెప్పినా వినలే, వాచీ అరిచినా వినలే. వెనకాల పదిహేను మంది ఉంటే మాత్రం ఆగడం వచ్చింది, ఎందుకంటే తప్పు చేస్తే పడిపోయేది నేను కాదు, వాళ్ళు. మూడుసార్లు పేసర్‌గా పోయినాక నా హాఫ్ 1:43 అయింది. అంతా జెండా పుణ్యమే అని నేను చెప్పను, ఆ ఏడాది ఆదివారం పరుగులు కూడా ఎగ్గొట్టలే. కానీ మొదటి ఐదు, చివరి ఐదు ఒకే టైంలో పడింది జీవితంలో అదే మొదలు.

నడుం మాత్రం పట్టేస్తాది. మన వేగం కాని వేగంలో అడుగు మారుతాది. సాగదీయకుండా చిన్న చిన్న అడుగులు వేసుకో.

స్ప్లిట్ల_పిచ్చి

ఆ 6:19 లెక్క నేను వేసి చూశా. సరిపోయింది. ఇన్నాళ్ళూ నేను కూడా 6:24 బాపతే.

మెల్లగా_మెల్లగా

నేను 2:28 మనిషిని. ఈ చర్చలో అందరికన్నా వెనక ఉండేది నేనే కాబట్టి, నన్ను పరుగులోకి దింపింది ఎవరో చెప్తాను.

ఫౌజా సింగ్ గారు 2011లో నూరేళ్ళ వయసులో టొరంటో మారథాన్ పూర్తి చేశారని చదివాను. ఆశ్చర్యపోయాను. అటు తిరిగి పడుకున్నాను. 2019లో వియన్నాలో కిప్‌చోగె 41 మంది పేసర్ల సాయంతో 1:59:40కి మారథాన్ పరిగెత్తడం ఫోన్లో చూశాను, మంచం మీదే.

మా అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తులో ఒక ఆంటీ ఉంటారు. నేను ఆఫీసు క్యాబ్ కోసం దిగేటప్పుడు ఆవిడ లిఫ్ట్‌లోంచి బయటికొచ్చేవారు, చుడీదారూ కాన్వాస్ బూట్లతో, చెమటలు కారిపోతూ. ఒకరోజు కాదు, రోజూ. వానాకాలంలో కూడా. ఏడాది తర్వాత ఉండబట్టలేక అడిగాను, ఏంటాంటీ అని. "షుగరమ్మా" అన్నారు. అంతే, ఇంకో ముక్క లేదు. ఆ వారమే నేను బూట్లు కొన్నాను. ఇప్పటికీ ఆ సంగతి ఆవిడకి తెలీదు.

ఓరుగల్లు_ఉరుకుడు

ఆంటీ ముచ్చట మస్తుగున్నది చెల్లె. కానీ చూడు, ఆంటీ జెండా పట్టలే, నీ కోసం ఆగలే. తన పని తను చేసుకున్నది. నేను మొదటి నుంచి చెప్తున్నది గదే.

మెల్లగా_మెల్లగా

అవును. కానీ అన్నా, బూట్లు కొనిపించింది ఆంటీ అయితే, పద్దెనిమిదో కిలోమీటరు దగ్గర అంబులెన్స్ ఎక్కకుండా ఆపింది మాత్రం ఎవరో పేరు తెలియని 2:30 జెండా ఆయన. రెండూ వేరు వేరు అవసరాలు.

ఓరుగల్లు_ఉరుకుడు

అది ఒప్పుకుంట. అయినా మూడు వారాల ముందు కాదు. జూన్‌ల పట్టుకోమను జెండా.

ఐదున్నర_అలారం

అందరికీ థాంక్స్. మడమ గారూ, వారానికి 42, ఆదివారం 18 అలవాటే.

వెళ్తున్నా. ఓరుగల్లు అన్న మాటలో నిజముందని తెలిసే వెళ్తున్నా. ఆ వారం మంగళవారం స్పీడు పని ఉంచి, గురువారంది తీసేస్తున్నానని కోచ్‌కి చెప్పా. బొటనవేలు బొమ్మ పంపాడు. సరే అనో, నీ ఖర్మ అనో అర్థం కాలేదు. 48 రాకపోతే ఇక్కడికొచ్చి నిజం రాస్తా, జెండా మీద తోసెయ్యను.

నిన్న రాత్రి బేస్‌మెంట్ పార్కింగ్‌లో మాప్ కర్రకి టవల్ కట్టుకుని పరిగెత్తి చూశా. పది నిమిషాలకే ఎడమ భుజం లాగేసింది. ఎవరూ చెప్పలేదేంటి ఇది? పిల్లలు ముగ్గురు వెనక పడ్డారు, వాచ్‌మన్ ఏదో అనుకున్నాడు.

శనివారం పొద్దున ఆరింటికి లాల్‌బాగ్‌లో కర్రతో సహా 12 కిలోమీటర్లు 6:24లో తిరుగుతా. గుట్ట ఎక్కను, కింది రోడ్లే. ఎవరైనా వస్తే నాకే మేలు, ఖాళీ బస్సు తోలడం ప్రాక్టీస్ అక్కర్లేదు కదా.

చెరువుగట్టు

ఏ గేటు? మొదటి కిలోమీటరు 6:10 పడిందంటే అక్కడే దిగిపోతా.

ఐదున్నర_అలారం

వెస్ట్ గేటు, మెట్రో వైపు. వాచీ నేను పెట్టుకోను, టైం మీరు చెప్పండి.

జెండా_మోసినోడు

అలారం అన్నా, భుజానికి: ఐదైదు నిమిషాలకి చెయ్యి మార్చు. కర్ర నడుం బెల్టులో దోపద్దు, నేను దోపి పడినా.