ఏప్రిల్‌లో పులిని చూడాలంటే బండీపురా, కబినీనా?

బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. గుంటూరు నుంచి అమ్మానాన్న వస్తున్నారు. పులి కనబడే అవకాశం ఎక్కడ ఎక్కువండీ?

జవాబు: కబినీకే వెళ్లండి, అది నాగరహొళె అడవిని ఆనుకుని జలాశయం ఉన్న చోటు. ఎండలకి అడవి లోపలి కుంటలు ఎండిపోయి జంతువులు జలాశయం ఒడ్డుకి దిగుతాయి. నీరు వెనక్కి తగ్గినచోట పచ్చిక మొలుస్తుంది, ఏనుగుల మందలు అక్కడే మేస్తాయి. బండీపుర్‌లో లాంటానా పొదలు మరీ దట్టం, పక్కనే పులి పడుకున్నా కనిపించదు. ముందు సఫారీ నడుస్తోందో లేదో అటవీశాఖ దగ్గర కనుక్కుని, ఆ తర్వాతే గది బుక్ చేయండి.

జవాబు: డ్రైవర్ ఇంజన్ ఆపితే మాటలు ఆపేసి వినండి. చుక్కల జింక ఊరికే బెదిరి కూడా అరుస్తుంది. కణుజు (సాంబర్ జింక) అలా కాదు. తోక నిక్కించి, ముంగాలు నేలకేసి కొడుతూ, ఆగి ఆగి అరుస్తోందంటే పులో చిరుతో దగ్గర్లో ఉన్నట్టే. కొండముచ్చు చెట్టు మీంచి ఎటు చూస్తుంటే అటే చూడండి.

జవాబు: పెద్దవాళ్లని జీపు వెనక సీట్లో కూర్చోబెట్టకండి, కుదుపులన్నీ అక్కడే. దుమ్ముకి తువ్వాలు, తెల్లవారుజాముకి స్వెట్టర్ ఉండాలి. ఊటీ కూడా కలుపుకుంటే, బండీపుర్ రోడ్డు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు.