డ్రకర్ టార్గెట్ల పద్ధతిని గట్టిగా తప్పుపట్టినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

కొత్త టీమ్‌లీడ్:
టీమ్‌లీడ్ అయి మూడు నెలలైంది. ట్రైనింగ్‌లో మేనేజ్‌మెంట్ గురువు పీటర్ డ్రకర్ పేరు ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు, "కొలవగలిగితేనే మేనేజ్ చేయగలం" అన్న స్లైడ్ ప్రతిసారీ ఉండాల్సిందే. మా దగ్గర కస్టమర్ టికెట్ (అంటే నమోదైన ఫిర్యాదు) నాలుగు గంటల్లో క్లోజ్ చేయాలని టార్గెట్. ఏం జరుగుతోందంటే, మూడున్నర గంటలు కాగానే మావాళ్లు దాన్ని క్లోజ్ కొట్టేసి "సమస్య ఇంకా ఉంటే కొత్త టికెట్ పెట్టండి" అని మెసేజ్ పడేస్తున్నారు. డాష్‌బోర్డ్ అంతా పచ్చగా కళకళలాడుతోంది, కస్టమర్లేమో తిట్టిపోస్తున్నారు. తప్పు డ్రకర్‌దా, మాదా?

ఎర్రపూస:
ఉన్నారండీ, సాక్షాత్తూ క్వాలిటీ నిపుణుడు ఎడ్వర్డ్స్ డెమింగే. 1986లో వచ్చిన ఆయన పుస్తకం 'అవుట్ ఆఫ్ ది క్రైసిస్'లో 14 సూత్రాలుంటాయి. పదకొండోదాంట్లో కోటాలతోపాటు మేనేజ్‌మెంట్ బై ఆబ్జెక్టివ్స్‌ని (లక్ష్యాలు పెట్టి పని నడిపించే డ్రకర్ పద్ధతిని) కూడా తీసి అవతల పారేయమంటాడు.

ఆయన సెమినార్లలో ఒక ఆట ఆడించేవాడు. పెట్టెలో 4,000 పూసలు, వాటిలో 800 ఎర్రవి. 50 గుంటలున్న చెక్కను అందులో ముంచి తీయాలి, ఎర్రపూస వస్తే లోపం కింద లెక్క. సగటున పది వస్తాయి కదా, ఒకడికి ఆరు వస్తాయి, ఇంకొకడికి పద్నాలుగు. ఆరు వచ్చినవాడికి మెచ్చుకోలు, పద్నాలుగు వచ్చినవాడికి చీవాట్లు, మళ్లీ ముంచితే తారుమారు. పాపం వాళ్లందరూ ఒళ్లు దాచుకోకుండానే చేస్తుంటారు, పెట్టెలో ఎర్రపూసలుంటే వాళ్లేం చేస్తారు? సమస్యల్లో 94 శాతం వ్యవస్థవేనని డెమింగ్ అంచనా. మీ టికెట్ల సంగతీ అంతే.

పాత మేనేజర్:
ఎర్రపూస గారూ, ఆట బాగుంది కానీ డ్రకర్ రాసింది కూడా ఒకసారి చూడండి. మొదటి సంగతి, ఆ స్లైడ్ మీద మాట ఆయనది కాదు, ఎవరో అంటగట్టారు. రెండోది, 1954 పుస్తకంలో ఆయన రాసింది "మేనేజ్‌మెంట్ బై ఆబ్జెక్టివ్స్ అండ్ సెల్ఫ్ కంట్రోల్" అని. ఆ చివరి ముక్క కంపెనీలన్నీ హాయిగా మింగేశాయి. అందులో జనరల్ ఎలక్ట్రిక్ ఆడిటర్ల ఉదాహరణ ఉంటుంది, వాళ్లు ఒక విభాగాన్ని క్షుణ్ణంగా తనిఖీ చేసి రిపోర్టును ఆ విభాగం మేనేజర్ చేతికే ఇచ్చేవాళ్లు, పైవాళ్లకి కాదు. అంటే కొలత ఉన్నది మనిషి తన పని తాను సరిదిద్దుకోవడానికి. మీ డాష్‌బోర్డ్ ఎవరి స్క్రీన్ మీద ఉందో చూసుకోండి.

సందేహాల రావు:
"ఆయన బాగానే చెప్పాడు, వీళ్లే చెడగొట్టారు" అని ఎన్నాళ్లు అంటాం సార్? మందు వాడిన ప్రతివాడికీ వాంతులవుతుంటే మందునే అనుమానించాలి కదా. నా దృష్టిలో డ్రకర్ అసలు లోపం డెమింగ్ పట్టుకున్నది కాదు. పైవాడూ కిందవాడూ కూర్చుని నిజాయితీగా లక్ష్యాలు రాసుకుంటారని నమ్మాడు, జీతం పెంచేది, ఉద్యోగం ఊడగొట్టేది ఆ పైవాడే అయినప్పుడు కిందవాడు నిజం ఎందుకు రాస్తాడు? వెల్స్ ఫార్గో బ్యాంకులో ఒక్కో కస్టమర్‌కి ఎనిమిది ప్రోడక్టులు అంటగట్టాలని ఒత్తిడి పెడితే, సిబ్బంది జనానికి తెలియకుండా వాళ్ల పేరు మీద ఖాతాలు తెరిచేశారు. 2016లో 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది, దాదాపు 5,300 మంది ఉద్యోగాలు పోయాయి. డ్రకర్ పేరు చెప్పి చేశారని కాదు, అంకెకీ అన్నానికీ ముడిపెడితే జరిగేది ఇదే అంటున్నా.

పాత మేనేజర్:
అధికారం విషయంలో ఆయన కాస్త అమాయకంగా రాశాడన్నది ఒప్పుకుంటా. డెమింగ్‌తో మాత్రం పేచీ ఉంది, కొలతలే వద్దంటే టికెట్ మూడు రోజులు మూలపడినా అడిగే దిక్కుండదు.

ఎర్రపూస:
ఆయన కొలవద్దనలేదండీ బాబూ! జీవితమంతా గ్రాఫులు గీసిన మనిషి. ఆ అంకె పెట్టి మనుషులకి ర్యాంకులివ్వొద్దన్నాడు, అంతే.

కొత్త టీమ్‌లీడ్:
అందరికీ థాంక్స్. అయితే ఆ నాలుగు గంటల లెక్క టీమ్‌కి మాత్రమే కనపడేలా పెట్టి, పైకి మాత్రం మళ్లీ తెరిచిన టికెట్లు ఎన్నో పంపుతానని మా మేనేజర్‌ని అడిగి చూస్తా.

సందేహాల రావు:
అడుగు బ్రో, కానీ ముందు ఆయన బోనస్ ఏ అంకె మీద ఉందో కనుక్కుని వెళ్లు.